పైడి జయరాజ్ - ‘మనవాడు’ అనేముందు

చార్మినారుకు పది నిమిషాల నడక దూరంలో ఉన్న ఒక కాలేజీలో నేను తెలుగు పాఠాలు చెబుతున్నాను. మా విద్యార్థుల్లో ఎక్కువమంది శాలిబండ, లాల్ దర్వాజా, అలియాబాద్ ప్రాంతాలవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, పరీక్షలో ఇంగ్లీషు - ఇదీ వాళ్ల నిత్యవ్యవహారం. కిందటేడు వార్షికోత్సవానికి ఒక నాటిక వేయిద్దామనుకున్నాం. ముఖ్యపాత్రకు ఎన్నుకున్న కుర్రవాడిది మంచి గొంతు, చక్కని విగ్రహం. భోజనాల వేళ స్నేహితుల మధ్య కూర్చొని ఎవరినైనా అనుకరించి చూపించాడంటే పదిమందీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వవలసిందే. అదే కుర్రవాడు నాటిక ప్రతి చేతికిచ్చేసరికి కొయ్యబారిపోయాడు. నాలుగు రోజులు చూసి కారణం అడిగాను. “సార్, ఈ మాటలు నా నోట్ల తిరుగుతలేవు. గిట్ల మా ఇంట్ల ఎవ్వరు మాట్లాడరు” అన్నాడు.

ఆ రోజు రిహార్సలు చూడవచ్చిన పెద్దమనిషి ఒకాయన కుర్రవాడిని ఉత్సాహపరచాలని, “పైడి జయరాజ్ మనవాడే గదయ్యా! కరీంనగర్‌లో పుట్టి బొంబాయిని ఏలాడు. నీకేం తక్కువ?” అన్నాడు. ఆయన వెళ్లిపోయాక కుర్రవాడు నన్నడిగాడు: “జయరాజ్ ఏమేం తెలుగు సినిమాలు చేసిండు సార్?” ఒక్కటీ చేయలేదని చెప్పాను. “మరి మనవాడెట్లయిండు?” అన్నాడు.

ఈ ప్రశ్నలో వెటకారం లేదు. అతనికి నిజంగానే తెలియలేదు. ఆలోచించి చూస్తే మన సినిమా చరిత్రకారులు గానీ, సభల్లో ఉపన్యసించే అభిమానులు గానీ ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి పూనుకోలేదని నాకనిపించింది. చరిత్రకారులు చాలామంది తెలుగు సినిమాను ‘భక్త ప్రహ్లాద’తో మొదలుపెట్టి మద్రాసు మీదుగా నడిపిస్తారు, ఆ దారిలో జయరాజ్ ఎక్కడా తగలడు గనుక ఆయనకు ఒక వాక్యమో, ఒక అధోజ్ఞాపికో కేటాయించి ఊరుకుంటారు. అభిమానులు దీనికి పూర్తిగా విరుద్ధం. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆయన విగ్రహానికి పూలదండలు కరువు లేకుండా చూస్తున్నారు. మొదటివాళ్లది నిర్లక్ష్యం, రెండవవాళ్లది గర్వం. రెండింటికీ సమానమైన లక్షణం ఒకటుంది: ఆయన నటజీవితాన్ని పరిశీలించవలసిన శ్రమ రెండింటిలోనూ లేదు.

ముందు వివరాలు చూద్దాం. జయరాజ్ 1909 సెప్టెంబరు 28న కరీంనగర్‌లో పుట్టాడు. హైదరాబాదులో నిజాం కాలేజీలో చదువుకున్నాడు. నాటకాల రుచి మరిగింది అక్కడే. 1929లో బొంబాయి చేరి మూకీ చిత్రాల్లో ప్రవేశించాడు. టాకీలు వచ్చాక 1932 నాటి ‘షికారీ’తో మాట్లాడే నటుడయ్యాడు. ఆ తరువాత సుమారు ఆరు దశాబ్దాలపాటు హిందీ తెరమీద కొనసాగాడు. ‘ప్రతిమ’ (1945), ‘మోహర్’ (1959) వంటి చిత్రాలకు దర్శకత్వం వహించాడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందాడు. 2000 ఆగస్టు 11న బొంబాయిలోనే కన్నుమూశాడు. ఫాల్కే పురస్కారం పొందిన తెలుగువాళ్లలో 1974కు బి.ఎన్. రెడ్డి, 1982కు ఎల్.వి. ప్రసాద్ ఉన్నారు. వాళ్లిద్దరి పేర్లు ప్రతి తెలుగు ఇంట్లోనూ తెలుసు. వాళ్ల మధ్యనున్న జయరాజ్ పేరు మా తరగతిలో అరవైమందిని అడిగితే ఇద్దరు చెప్పారు. ఆ ఇద్దరికీ కూడా రవీంద్రభారతిలో ఆయన పేర ఉన్న ప్రివ్యూ థియేటరు వల్లనే తెలిసింది.

ఇంత దీర్ఘమైన నటజీవితంలో మాతృభాషకు చోటు లేకపోవడం యాదృచ్ఛికమని నేననుకోను. దానికి కారణాలు వ్యక్తిలో కాక ఆయన పెరిగిన నగరంలో వెదకాలి.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని థియేటరులో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. ఇంగ్లీషులోనూ, ఉర్దూలోనూ, మరాఠీలోనూ మాట్లాడినవారిని సభ శ్రద్ధగా విన్నది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టింది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టిందని, తెలంగాణలో ప్రజాచైతన్యానికి అది నాంది అయిందని మనమందరం చదువుకున్నాం. కాని నాటకాన్ని గురించి ఆలోచించేవాడు ఇందులో ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఆ గోల జరిగింది ఒక థియేటరులో. చదువుకున్నవాళ్లు నిండుగా కూర్చున్న హాలులో, వేదికమీద నిలబడి తెలుగు పలికితే ప్రేక్షకులు వినని రోజులవి. అప్పటికి జయరాజ్‌కు 12 ఏళ్లు. అంతకు మూడేళ్ల ముందే, 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనాభాషగా ఏర్పడింది. భారతీయ భాషలో ఉన్నతవిద్య నేర్పడం గొప్ప ప్రయోగమే. కాని రాజ్యంలో అధికసంఖ్యాకుల భాష అది కాదు. అటువంటి నగరంలో చదువుకున్న తెలుగు యువకుడు నటుడు కావాలని కలగన్నప్పుడు ఆ కలలో తాను ఏ భాషలో మాట్లాడి ఉంటాడు?

అదృష్టవశాత్తు ఆయన బొంబాయి చేరేసరికి తెరకు ఇంకా నోరు రాలేదు. మూకీ చిత్రాల్లో నటుడికి కావలసింది శరీరం: నిలబడే తీరు, గుర్రమెక్కే ఒడుపు, కత్తి పట్టే వాటం. కరీంనగర్ వాడైనా, కలకత్తా వాడైనా కెమెరాకు ఒకటే. మన దేశపు మూకీ చిత్రాల్లో నూటికి తొంభైకి పైగా నశించిపోయాయి గనుక ఆ దశలో ఆయన నటన ఎటువంటిదో తూచి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. 1931లో ‘ఆలం ఆరా’తో తెరకు నోరు వచ్చింది. నోరు రాగానే భాష వచ్చింది, భాషతోపాటు ఎంపిక వచ్చింది. ఉచ్చారణ కుదరని మూకీ నటులు ఎందరో వెనుకబడిపోయారు. జయరాజ్ నిలబడ్డాడు. హైదరాబాదు ఆయనకిచ్చిన ఉర్దూ ఆ రోజున అక్కరకు వచ్చింది.

అదే కాలంలో, అదే బొంబాయిలో, మొదటి తెలుగు టాకీ కూడా తయారయింది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ను తీసింది అక్కడే. తెలుగు నటుడు బొంబాయిలో ఉన్నాడు, తెలుగు చిత్రం బొంబాయిలో తయారయింది. అయినా రెండూ కలవలేదు. ఎందుకని? ఆ చిత్రానికి నటులు సురభి నాటక సమాజం నుంచి వచ్చారు. తెలుగు టాకీ తొలిరోజుల్లో రంగస్థలం నుంచి ఎరువు తెచ్చుకున్నది కథలను మాత్రమే కాదు, పద్యాన్ని కూడా. రాగం తీసి పద్యం చదవగలవాడే అప్పటి తెలుగు నటుడు. ఆ విద్య పౌరాణిక నాటక సమాజాల్లో ఏళ్ల తరబడి తిరిగితే గాని అబ్బదు. నిజాం కాలేజీ నాటకం వేరు, సురభి నాటకం వేరు. జయరాజ్‌కు తెలుగు రాకపోవడం కాదు సమస్య; తెలుగు రంగస్థలం ఆయనది కాకపోవడం. భాష వేరు, రంగస్థలం వేరు. ఇంట్లో మాట్లాడే భాషకు ఊళ్లో రంగస్థలం లేనప్పుడు ఆ భాషలో నటుడు తయారు కాడు.

“తరువాతనైనా రావచ్చును గదా? మద్రాసుకు ఎందరు రాలేదు?” అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. కాని తరువాత రావడానికి హైదరాబాదులో తెలుగు సినిమా లేదు. ఇక్కడ సారథీ స్టూడియో ఏర్పడేసరికే 1950ల చివరి రోజులు. అప్పటికి ఆయన బొంబాయిలో ముప్ఫయ్యేళ్ల నటుడు. అంతటి నటుడికి మద్రాసు ఎంత పరాయిదో బొంబాయి అంత స్వంతమైపోయింది. ఇందులో ద్రోహమూ లేదు, త్యాగమూ లేదు. బతుకుతెరువు ఉన్నది.

అయితే ఇంతటితో ఆయనను వెనకేసుకొచ్చి ఊరుకుంటే అది విమర్శ అనిపించుకోదు. ఏ భాషలో నటించాడన్నది ఒక ప్రశ్న; ఏ మనుషులను నటించాడన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. జయరాజ్ పేరు చెప్పగానే స్ఫురించేవి చారిత్రక, జానపద పాత్రలు: పృథ్వీరాజ్ చౌహాన్, అమర్‌సింగ్ రాథోడ్, టిప్పు సుల్తాన్ (1959), ఏడు ప్రశ్నలకు సమాధానాలు వెదుకుతూ లోకమంతా తిరిగే హాతింతాయి (1956). ఈ పాత్రలకు కావలసిన నిండుతనం ఆయనలో ఉంది. రాజు వేషంలో ఆయన నిలబడితే కిరీటం అరువు తెచ్చుకున్నట్టుండదు. పక్కవాడిమీద అరిచి పెద్దరికం నిరూపించుకోవలసిన అవసరం ఆయనకు లేదు. చాలామంది చారిత్రక నటులకు లేని ఈ నిగ్రహం ఆయన అసలైన గుణమని నా అభిప్రాయం. మూకీల్లో మాట లేకుండా నిలబడడం నేర్చుకున్నవాడు గనుక మాట వచ్చాక కూడా దానిని దుబారా చేయలేదు.

కాని ఈ చిత్రాల్లో చరిత్ర అంటే ఒక వీరుడి కత్తి. ఆ రాజుకు పన్ను కట్టినవాడు, ఆ యుద్ధంలో పంట తొక్కించుకున్నవాడు తెరమీదికి రాడు. వచ్చినా జేకొట్టడానికే వస్తాడు. జయరాజ్ శరీరమూ, గొంతూ, నిగ్రహమూ దశాబ్దాలపాటు ఈ రకమైన చరిత్రకు ఖర్చయ్యాయి. హిందీ తెరకు వేరే దారి లేదని చెప్పలేం. 1946లో ‘ధర్తీ కే లాల్’ వచ్చింది. 1953లో ‘దో బీఘా జమీన్’లో బల్రాజ్ సహానీ రిక్షా లాగే రైతును మనకు చూపించాడు. ఆ దారి ఉన్నది. జయరాజ్ దానిలో నడవలేదు. వీరపాత్రల గిరాకీ ఆయనను తన దగ్గరే పెట్టుకున్నది. ఆ గిరాకీ తగ్గాక ‘షోలే’ (1975)లో పోలీసు కమిషనరు వంటి చిన్న చిన్న వేషాలు మిగిలాయి. కిరీటం తీసేస్తే ఆయనకు తగిన మనిషి పాత్రను రాసినవాళ్లు తక్కువ.

ఇక్కడ మన బళ్లారి రాఘవను తలుచుకోవడం అవసరం. రాఘవ (1880-1946) రంగస్థల మహానటుడు, వృత్తికి న్యాయవాది. సినిమాల్లో చేసినవి మూడు నాలుగు పాత్రలకు మించవు. కాని వాటిలో ఒకటి గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ (1939)లో రైతు పాత్ర. ఆ చిత్రం జమీందార్లకు కంటగింపై, నిషేధానికి గురయింది. దుర్యోధనుడు వేసిన గొంతుతోనే రాఘవ రైతుగా మాట్లాడాడు. అది ఆయన ఒక్కరి గొప్పతనమేనా? కాదు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేశారు. బయట రైతు నడిచాడు గనుక తెరమీద రైతు మాట్లాడాడు. ఆ చిత్రాన్ని తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా. సొమ్ము జమీందారుది అయినప్పటికీ కథ రైతుది కాగలిగిందంటే, ఉద్యమం సొమ్ము కంటె బలంగా ఉన్న క్షణాలు కొన్ని ఉంటాయన్నమాట. నటుడు ఎంత గొప్పవాడైనా అటువంటి క్షణం చుట్టుపక్కల లేకపోతే రాజు వేషంలోనే ముసలివాడు కావలసి వస్తుంది.

దీనిని బట్టి ఉర్దూ దర్బారు భాష కాబట్టి జయరాజ్ రాజు వేషాల్లో ఇరుక్కున్నాడని ఎవరైనా అంటే అది శుద్ధ తప్పు. ఈ చార్మినారు నీడలోనే పెరిగిన ఉర్దూకు మరొక చరిత్ర ఉంది. మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో ఉపన్యాసకుడుగా పనిచేసిన మఖ్దూం మొహియుద్దీన్, బెర్నార్డ్ షా రాసిన ‘విడోయర్స్ హౌసెస్’ను మిత్రుడితో కలిసి ‘హోష్ కే నాఖూన్’గా మార్చి 1930లలో ఆడించాడు. మురికివాడల అద్దెలతో పెద్దమనుషులైనవాళ్ల కథ అది. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని నవలగా రాసిన కిషన్ చందర్ రాసింది ఉర్దూలోనే. ఆ ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగానే 1980 ప్రాంతంలో బి. నరసింగరావు నిర్మాతగా, బెంగాలీ దర్శకుడు గౌతం ఘోష్ తెలుగులో ‘మా భూమి’ తీశాడు. ఉర్దూ నవల, బెంగాలీ దర్శకుడు, తెలంగాణ పల్లె - మూడూ కలిసి తెలుగు సినిమాకు తెలంగాణ రైతు మాటను ఇచ్చాయి. సమస్య మనదైనప్పుడు భాష అడ్డం రాలేదు. సమస్య మనది కానప్పుడు మాతృభాషలో తీసినా ఒరిగేది లేదు.

అయినా మా కుర్రవాడి ప్రశ్నకు ఇంకా పూర్తి సమాధానం రాలేదు. అతనికి రెండు భాషలున్నాయి: ఇంట్లో హైదరాబాదు తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ. సినిమా ఈ రెండింటినీ ఏం చేసింది? దక్కనీని హిందీ తెర హాస్యగాడికి ఇచ్చింది. 1965 నాటి ‘గుమ్‌నాం’లో మెహమూద్ హైదరాబాదీ యాసతో నవ్వించింది వంటవాడి వేషంలో. తెలంగాణ తెలుగును తెలుగు తెర చాలాకాలం రౌడీకీ, పనిమనిషికీ, హాస్యగాడికీ ఇచ్చింది. నాయకుడు మాత్రం అక్కడ దర్బారు ఉర్దూనో, ఇక్కడ పుస్తకం తెలుగునో మాట్లాడాలి. అంటే ఈ నగరపు ఇంటి భాషలు రెండింటికీ నాయకుడి నోట చోటు లేదు. జయరాజ్ నాయకుడు కావడానికి రెండింటినీ గడప దగ్గర వదిలి, మూడవదానిని పట్టుకొని రైలెక్కాడు. ‘మనవాడు’ అని గర్వపడేవాళ్లు ఆ వదిలిపెట్టిన వాటిని కూడా లెక్కలో వేసుకోవాలి. ఆయన విజయం మనదయితే ఆ నష్టం కూడా మనదే.

వదిలిపెట్టకుండా నిలబడడం సాధ్యమేనని ఈ నగరమే రుజువు చేసింది. ‘గుమ్‌నాం’ వచ్చిన 1965లోనే బబ్బన్ ఖాన్ రవీంద్రభారతిలో ‘అద్రక్ కే పంజే’ మొదలుపెట్టాడు. చాలీచాలని జీతం, ఇంటినిండా పిల్లలు ఉన్న గుమాస్తా అందులో నాయకుడు. భాష అచ్చమైన దక్కనీ. దశాబ్దాలపాటు వేల ప్రదర్శనలు ఇచ్చిన నాటకమది. పేదరికానికి కారణం జీతంలో కాక పిల్లల సంఖ్యలో వెదకడం నాకు సమ్మతం కాదు. దాన్ని గురించి వేరే వ్యాసమే రాయాలి. కాని వీధి భాష వేదికమీద నిలబడగలదని, నవ్వించేవాడే నాయకుడు కాగలడని చూపించినందుకు దానికి ఋణపడి ఉన్నాం. తెలుగు తెరమీద కూడా గాలి మారింది. ‘ఫిదా’ (2017)లో నాయిక తెలంగాణ తెలుగు మాట్లాడితే జనం మెచ్చుకున్నారు. ‘బలగం’ (2023)లో ఇంటిల్లిపాదీ ఆ భాషలోనే ఏడ్చారు, పోట్లాడుకున్నారు, చివరికి ఒకటయ్యారు. ఇంతకాలం మనకు లేనిది భాషా కాదు, నటులూ కాదు. ఆ భాషలో మనిషి దుఃఖం వినడానికి సిద్ధపడ్డ ప్రేక్షకుడు. ఆ ప్రేక్షకుణ్ణి తయారుచేసింది సినిమా ఒక్కటే కాదు. 1921లో గోల చేసిన హాలు నుంచి నేటిదాకా ఇక్కడ జరిగిన పోరాటాలు.

చివరకు మా నాటిక సంగతి. ప్రతి తీసి పక్కన పెట్టి, “కథ నీకు తెలుసు. ఇది మీ ఇంట్లో జరిగితే మీ నాయన ఏమంటాడో అదే అను” అని కుర్రవాడికి చెప్పాను. మొదట సిగ్గుపడ్డాడు. తరువాత వాళ్ల నాయన మాట్లాడినట్టు, సగం తెలుగు, మధ్యమధ్య ఉర్దూ కలిపి చెప్పాడు. రిహార్సలు గదిలో ఇద్దరు ముగ్గురు అలవాటుగా నవ్వారు. అతను ఆగలేదు. అప్పు తీర్చలేక ఇల్లు ఖాళీ చేసే ఘట్టం వచ్చేసరికి ఆ నవ్వినవాళ్లు నిశ్శబ్దమయ్యారు. వార్షికోత్సవం నాడు హాల్లో కూడా మొదట అలాగే నవ్వు లేచింది, అక్కడికి వచ్చేసరికే అణిగింది. సభానంతరం ఒక సహాధ్యాపకుడు, “నాటిక బాగుంది గాని భాష కాస్త శుద్ధి చేయవలసింది” అన్నాడు. శుద్ధి చేసిన భాషతో ఆ కుర్రవాడు కొయ్యలా నిలబడిన సంగతి ఆయనకు తెలియదు.

ఒక హాలుకు జయరాజ్ పేరు పెట్టాం, మంచిదే. ఆ హాలులోనూ, ఈ పాతబస్తీ కాలేజీల్లోనూ శాలిబండ కుర్రవాడు తన ఇంటి మాటతో, తన ఇంటి కష్టంతో నాయకుడుగా నిలబడగలిగితే, అప్పుడు జయరాజ్‌ను మనవాడని చెప్పుకోవడానికి మనకు అర్హత వస్తుంది. అందాకా ఆయన బొంబాయివాడే.